ముప్ఫై ఎనిమిదో గడిలో సున్నా

"పెట్టను," అంది కెప్టెన్ అక్క.

ఆ కాగితం ఆమె ముందుకొచ్చి అప్పటికి పావుగంట. గోడ గడియారంలో ఒంటిగంటా యాభై. మునిగిన ఓడ కెప్టెన్‌కి అక్క, తను నడిపేది మాత్రం సిటీ బస్సు. మధ్యాహ్నం ట్రిప్పు ఇంకొకరికి అప్పగించి, యూనిఫాం మీదే పరుగెత్తుకొచ్చింది. పొడవాటి బల్లకి ఇటు ఆమె, అటు ఓడ కంపెనీ పంపిన స్పెషల్ ఆఫీసర్. ఆయన్ని వెనకాల అందరూ ఇస్త్రీ అంటారు. ఆయన చొక్కాకి ముడత ఉండదు, మాటకీ ఉండదు.

సంతకం పెట్టినా పెట్టకపోయినా నాలుగింటికి ఓడ కోసం గాలింపు ఆగిపోతుందనీ, కుటుంబం కూడా ఒప్పుకుందని రాసుంటే నలుగురిలో గౌరవంగా ఉంటుందనీ ఇస్త్రీ మెత్తమెత్తగా నచ్చజెప్పాడు.

"అందులో ఏం రాశారో చదివాను," అంది ఆమె. "మా తమ్ముడు ఓడని దారి మళ్ళించి, కావాలని ముంచేసి, తనొక్కడూ చిన్న పడవెక్కి పారిపోయాడట. దాని కింద నా పేరు పెడితే నాకు గౌరవమా? పెట్టను గాక పెట్టను."

కలానికి మూత పెట్టి ఆయన వైపే దొర్లించింది.

తలుపు పక్కన స్టూలు మీద కూర్చున్న డిటెక్టివ్‌కి ఆ దొర్లించడం మహా నచ్చింది. ఇతని పేరు జిడ్డు. అమ్మానాన్న పెట్టిన పేరు కాదనుకోండి, ఇరవై ఏళ్ళ పోలీసు ఉద్యోగంలో సంపాదించుకున్నది. పట్టుకుంటే వదలడని పైవాళ్ళు విసుక్కుని పెట్టారు. అలా విసుక్కున్నవాళ్ళలో మొదటివాడు ఈ ఇస్త్రీయే. అప్పట్లో ఇతనికి పై అధికారి. తర్వాత ఆయన ఓడ కంపెనీలో పెద్ద కుర్చీ ఎక్కాడు, ఇతను ఉద్యోగం వదిలేసి సొంత బోర్డు తగిలించుకున్నాడు. ఆరు రోజుల కిందట కెప్టెన్ అక్క ఆ బోర్డు కింద నిలబడి, మా తమ్ముడు అలాంటివాడు కాదు, రుజువు చేసిపెట్టండి అని అడిగింది. ఆరు రోజులూ కాళ్ళరిగేలా తిరిగాడు. చిన్న ఆధారం కూడా చిక్కలేదు. ఇంక మిగిలింది రెండు గంటల పది నిమిషాలు.

విషయం ఇదీ. నలభై నాలుగు రోజుల కిందట తెల్లవారుజామున ఐదూ పదికి, మునిగిపోతున్నామని ఓడ నుంచి రేడియోలో కబురొచ్చింది. ఎక్కడ అని చెప్పేలోపే తెగిపోయింది. ఓడ ఎక్కడుందో ఎప్పటికప్పుడు చెప్పే యంత్రం అంతకు రెండు గంటల ముందే మూగబోయింది. కెప్టెనే దాని నోరు నొక్కాడని కంపెనీ వాదన. పన్నెండు మంది తెప్ప ఎక్కి బతికి బయటపడ్డారు. కెప్టెన్ మాత్రం లేడు. ఓడ తన మామూలు దారిలోనే మునిగి ఉంటే అది ప్రమాదం, ఆయన చివరిదాకా ఓడలోనే నిలబడ్డ మనిషి. దారిలో లేకపోతే ఆయన దొంగ. నలభై రోజులు వెతికినా దారిలో దొరకలేదు కాబట్టి దొంగేనని తేల్చేశారు. తేల్చడం ఎంత సులువో చూడండి.

వెతికించింది లెక్కల మేడమ్. కాలేజీలో పాఠాలు చెప్పే మనిషి, కోపం ముక్కు మీదే ఉంటుంది. గది చివర, గోడంత సముద్రపు పటం ముందు, చేతులు కట్టుకుని నిలబడి ఉంది. పటం మీద నిలువుగా ఎనిమిది, అడ్డంగా ఎనిమిది, మొత్తం అరవై నాలుగు గళ్ళు. వెతికేసిన గళ్ళకి నీలం పెన్సిల్‌తో గీతలు. ఇంకా ఇరవై పైచిలుకు గళ్ళు తెల్లగా ఉన్నాయి.

జిడ్డు స్టూలు తీసుకెళ్ళి ఆమె పక్కనే వేసుకున్నాడు. తనకి లెక్కలు బొత్తిగా రావనీ, ఏ గడిలో వెతకాలో ఎలా నిర్ణయించారో ఎనిమిదో తరగతి తప్పినవాడికి చెప్పినట్టు చెప్పమనీ అడిగాడు. ఆమె ఒకసారి గుడ్లురిమి చూసి, సరేనని మొదలుపెట్టింది.

ఓడ ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కానీ సముద్రం తెలిసిన నలుగురున్నారు. రేవులోకి ఓడల్ని తోడ్కొచ్చే ముసలి పైలట్, చేపల బోట్లు నడిపించే ఒకావిడ, వాతావరణ శాఖలో పనిచేసే ఒకాయన, మునిగిన ఓడలోనే కెప్టెన్ తర్వాతివాడైన చీఫ్ ఆఫీసర్. ఒక్కొక్కరికీ రెండు వందల చొక్కా గుండీలు. అనుమానం ఎక్కువున్న గడిలో ఎక్కువ, తక్కువున్న గడిలో తక్కువ పేర్చి, ఆ అంకెలు కాగితం మీద రాయాలి. ఆ నలుగురి అంకెల్నీ గడికి గడి గుణిస్తే సముద్రం మీద అనుమానాల పటం తయారవుతుంది. వెతికి దొరకని గడి మీద అనుమానం తగ్గుతుంది, మిగతావాటి మీద పెరుగుతుంది.

"ఇంట్లో తాళంచెవి పోయినట్టన్నమాట," అన్నాడు జిడ్డు. "మంచం కింద దొరక్కపోతే అలమార మీద అనుమానం పెరుగుతుంది."

"అంతే. కాకపోతే మంచం కింద చీకట్లో చేత్తో తడిమి లేచామనుకోండి, మంచం మీద అనుమానం పూర్తిగా పోదు. ఎంత బాగా వెతికామన్నదీ లెక్కలోకి రావాలి. అదీ వేశాను." ఆమె గొంతు గట్టిపడింది. "నా లెక్కలో తప్పు లేదు. ఓడే లేదు."

రోజూ పొద్దున్న కంప్యూటర్ మొదటి పది గళ్ళ జాబితా ఇస్తుంది, గాలింపు ఓడ అక్కడికి వెళ్తుంది. జిడ్డు ఆ నలభై జాబితాలూ తిరగేశాడు. అంకెలు అతనికి అంకెలుగా తప్ప ఇంకేమీ కనిపించలేదు. కానీ పోలీసు ఉద్యోగం ఒకటి నేర్పింది. అందరూ మాట్లాడే మనిషిని అందరూ విచారిస్తారు. ఎవరూ పేరెత్తని మనిషిని కూడా ఒకసారి పలకరించాలి.

"మేడమ్, రోజూ పైనున్న పది చూస్తున్నారు. అట్టడుగున ఎవరున్నారో ఎప్పుడైనా చూశారా?"

చూడలేదు. చూడాల్సిన పనేముందని ఆమె విసుక్కుంటూనే మీట నొక్కింది. నలభై రోజుల అడుగు జాబితా బయటికొచ్చింది. చివరి స్థానంలో రోజూ ఒకటే గడి, ముప్ఫై ఎనిమిది. మిగతావన్నీ లేస్తూ పడుతూ ఉన్నాయి. అది మాత్రం మొదటి రోజు ఎక్కడుందో నలభయ్యో రోజూ అక్కడే ఉంది. దాని పక్కన అంకె సున్నా.

"వెతకని గడి మీద అనుమానం పెరుగుతుందన్నారు కదా. ఇదెందుకు పెరగలేదు?"

లెక్కల మేడమ్ బీరువా తెరిచి నలుగురి కాగితాలూ తీసి బల్ల మీద పరిచింది. ముప్ఫై ఎనిమిదో గడిలో పైలట్ నాలుగు వేశాడు. బోట్లావిడ ఐదు. వాతావరణం ఆయన మూడు. చీఫ్ ఆఫీసర్ సున్నా.

"సున్నాని ఎంతతో గుణించినా సున్నానే," అందామె మెల్లగా. "ముగ్గురూ మొత్తుకున్నా ఒక్కడు సున్నా వేస్తే చాలు. సముద్రమంతా వెతికినా ఆ గడి వంతు రాదు. అందుకే ఒక్క గడిని కూడా ఖాళీగా వదలొద్దని, ఏమీ తోచకపోతే ఒక గుండీ అయినా వేయమని ప్రతి ఒక్కరికీ ముందే చెప్పాను. ఈ కాగితం ఆసుపత్రి నుంచి వచ్చింది. మొత్తం రెండు వందలు సరిపోయిందా లేదా అని కూడుకున్నాను. ఖాళీ ఉందేమోనని చూసుకోలేదు. తప్పు నాదే."

తన తప్పు తానే ఇంత చప్పున ఒప్పుకునే మనిషి కనిపించి ఎన్నాళ్ళైందో అనిపించింది జిడ్డుకి. పటం మీద ఓడ మామూలుగా వెళ్ళే దారిని ఎర్ర గీతగా గీశారు. అది ముప్ఫై ఎనిమిదో గడి నడిబొడ్డు నుంచే పోతోంది. గీత మీద తెల్లగా మిగిలింది అదొక్కటే, లెక్క సున్నా అందని ఎవరూ పట్టించుకోలేదు.

వెంటనే గాలింపు ఓడని అక్కడికి పంపొచ్చు కదా అన్నాడు. ఆమె తటపటాయించింది. నాలుగింటిలోపు ఇంకొక్క గడికే సమయముంది. మునిగిన ఓడలో ఉన్న మనిషి సున్నా వేశాడంటే దానికేదో కారణం ఉండి తీరాలి. అది తెలుసుకోకుండా ఉన్న ఒక్క అవకాశాన్నీ కాల్చుకోలేనంది. గాలింపు ఓడ ఇప్పుడు పదకొండో గడిలో ఉంది, అక్కణ్ణుంచి ముప్ఫై ఎనిమిదికి గంటా పది నిమిషాలు. రెండూ నలభై దాటితే పంపినా దండగే.

"అప్పట్లోపు చెప్తాను," అన్నాడు జిడ్డు. టైము రెండూ ఐదు.

చీఫ్ ఆఫీసర్ పక్క గదిలోనే ఉన్నాడు. తుది నివేదికలో తన వాంగ్మూలం మీద సంతకాలు పెట్టడానికి పిలిపించారు. పాతికేళ్ళు సముద్రం మీద గడిపిన మనిషి, కుర్చీ అంచున ఒదిగి కూర్చున్నాడు. జిడ్డు ఎదురుగా కూర్చుని, కెప్టెన్ మీద కోపమేమైనా ఉందా అని అడిగాడు. లేదన్నాడు. ఓడ దారి మళ్ళడం కళ్ళారా చూశావా అన్నాడు. చూడలేదు, తాను నిద్రలో ఉన్నాడు, కుదుపుకి లేచేసరికి నీళ్ళు మోకాళ్ళ దాకా వచ్చాయి. మరి వాంగ్మూలంలో మళ్ళిందని ఎందుకుంది అంటే, కంపెనీవాళ్ళు అలా తేలిందన్నారు, రాసుకొచ్చారు, సంతకం పెట్టానన్నాడు.

అది చెప్తూనే ఇంకో పేజీ మీద సంతకం పెట్టబోయాడు. కలాన్ని బొటనవేలికీ చూపుడు వేలికీ మధ్య ఇరికించుకుని, మణికట్టంతా తిప్పుతూ అక్షరం తర్వాత అక్షరం గీస్తున్నాడు. రెండు అరచేతుల్లోనూ కొత్త చర్మం గులాబీ రంగులో మెరుస్తోంది.

"చేతులకేమైంది?"

"తెప్ప దింపుతుంటే తాడు జారింది సార్. ఎముక దాకా ఒరుసుకుపోయింది. నెల రోజులు కట్లే."

జిడ్డు ఆ చేతుల్ని దగ్గరగా చూశాడు. తర్వాత గుండీల కాగితం తీసి ఇద్దరి మధ్యా పెట్టాడు. కింద తేదీ ఉంది. ఓడ మునిగిన మూడో రోజు. అరవై నాలుగు గళ్ళలో అరవై నాలుగు అంకెలు, ఒక్కటి కూడా గీత దాటలేదు.

"ఇది నువ్వు రాశావా?"

"నేనెక్కడ రాయగలను సార్? స్పెషల్ ఆఫీసర్ గారొచ్చారు. మంచం పక్కన కూర్చుని ఒక్కో గడీ అడిగారు, నేను నోటితో చెప్పాను, ఆయన రాసుకున్నారు."

"ముప్ఫై ఎనిమిదికి ఎంత చెప్పావు?"

"ఏడు," అన్నాడు తడుముకోకుండా. "అన్నిటికంటే ఎక్కువ దానికే చెప్పాను. రాత్రి డ్యూటీ దిగేముందు ఐదింటికి ఎక్కడుంటామో లెక్క వేసుకుని పడుకున్నాను. కాస్త అటూ ఇటూగా అక్కడే ఉండాలి. తర్వాత ఓడ దారి మళ్ళిందన్నారు కాబట్టి నాదే పొరపాటనుకున్నాను."

"ఐదో గడికి? ఇదిగో, ఈ అంచున ఉన్నదానికి?"

"దానికా? అటు మేమెందుకు పోతాం? రెండు చెప్పుంటాను, మించి చెప్పను."

కాగితంలో ఐదో గడికి తొమ్మిది ఉంది. జిడ్డు లెక్కల్లో ఎంత మొద్దయినా ఇంత లెక్క వేసుకోగలడు. ఒకచోట ఏడు తగ్గింది, ఇంకోచోట ఏడు పెరిగింది. మొత్తం మాత్రం రెండు వందలు.

అతను గాలింపు గదిలోకి అడుగుపెట్టేసరికి రెండూ ముప్ఫై రెండు. ఇస్త్రీ ఇంకా అక్క ఎదురుగానే ఉన్నాడు, కలం మళ్ళీ ఆమె ముందుకొచ్చింది. జిడ్డు కాగితాన్ని కలం పక్కన పెట్టి, ఇది మీ చేతిరాతే కదా సార్ అని అడిగాడు. ఇస్త్రీ దాచలేదు. పాపం చేతులు కాలినవాడికి సాయం చేశానన్నాడు. కాలలేదు, ఒరుసుకుపోయాయని జిడ్డు సరిదిద్దాడు. సాయం చేసినవాడికి ఆ తేడా తెలిసుండాలి మరి.

"ముప్ఫై ఎనిమిదికి అతను ఏడు చెప్పాడు. మీరు సున్నా రాశారు."

"వాడికప్పుడు ఒళ్ళు తెలియని జ్వరం. ఏం చెప్పాడో వాడికే గుర్తుండదు. లేదంటే నా చెయ్యి జారి ఉంటుంది. నువ్వు మారలేదోయ్. గోరంత దొరికితే గోడంత కడతావు."

"చెయ్యి జారితే మొత్తం నూట తొంభై మూడు రావాలి సార్. రెండు వందలు వచ్చింది. తీసిన ఏడూ పారేయకుండా తీసుకెళ్ళి ఐదో గడిలో పెట్టారు. చెయ్యి జారినప్పుడు అంత జాగ్రత్త ఎవరికీ ఉండదు."

ఇస్త్రీ నవ్వాడు. ఆ నవ్వు పోలీసు రోజుల నుంచీ జిడ్డుకి తెలుసు, ఇలాగే నవ్వి ఎన్నో ఫైళ్ళు మూసేశాడు. తను ఓడలో లేడనీ, ఓడ ఎక్కడ మునిగిందో తనకెలా తెలుస్తుందనీ, ఏమీ తెలియనివాడు ఎక్కడ సున్నా వేస్తేనేమిటనీ ఆయన నిదానంగా అడిగాడు.

"అక్కడే దొరికిపోయారు," అన్నాడు జిడ్డు. "ఏమీ తెలియనివాడు సున్నా వేయడు సార్. పైలట్ వేయలేదు, బోట్లావిడ వేయలేదు. సముద్రంలోనే పుట్టి పెరిగినవాళ్ళు, ఏమో, ఉన్నా ఉండొచ్చు అని ప్రతి గడిలో ఒక్క గుండీ అయినా వదిలారు. మీరు ఒకటి వేసి ఊరుకుని ఉంటే నా జన్మలో నాకు అనుమానం వచ్చేది కాదు. కానీ ఒకటి వేస్తే అది పెరుగుతుంది. పదో రోజుకో పాతికో రోజుకో ఓడ అక్కడికి వెళ్ళి తీరుతుంది. అది వెళ్ళకూడదు. అందుకే సున్నా. ఓడ అక్కడుందని ఖాయంగా తెలిసినవాడికే సున్నా అవసరం."

గుణకారం సంగతి ఈయనకెలా తెలుసని కెప్టెన్ అక్క అడిగింది. లెక్కల మేడమ్ జవాబిచ్చింది. ఓడ మునిగిన రెండో రోజే కంపెనీ ఆఫీసులో, ఈయన ముందే, బోర్డు మీద రాసి మరీ వివరించిందట. అందరికంటే శ్రద్ధగా నోట్సు రాసుకున్నది ఆయనేనట. ఆ మాట చెప్తుంటే ఆమె చెవులు ఎర్రబడ్డాయి.

"మీ లెక్క ప్రకారమే ఆ గడి సున్నా కదండీ," అన్నాడు ఇస్త్రీ ఆమెతో. "మీ లెక్కని మీరే కాదంటారా?"

"ఆ సున్నా నా లెక్క చెప్పింది కాదు. నా లెక్కకి మీరు చెప్పింది." ఆమె అప్పటికే రేడియో ముందు కూర్చుంది. టైము రెండూ ముప్ఫై తొమ్మిది. "నాలుగింటి దాకా ఆ ఓడ నా మాట వింటుంది." మైకు నోటి దగ్గర పెట్టుకుంది. "పదకొండో గడి వదిలేయండి. ముప్ఫై ఎనిమిదికి వెళ్ళండి. ఎంత వేగం ఉంటే అంత వేగం."

ఎందుకని గాలింపు ఓడ కెప్టెన్ అడగలేదు. వెళ్తున్నామని మాత్రం అన్నాడు.

ఇస్త్రీ లేచి నిలబడ్డాడు. ఒప్పందం ప్రకారం నాలుగు కొట్టగానే ఓడ వెనక్కి తిరగాలని గుర్తుచేశాడు. మొదలుపెట్టిన గడిని పూర్తి చేసే హక్కు కూడా అదే ఒప్పందంలో ఉందని, మూడో పేజీ చూడమని మేడమ్ అంది. మొదటిసారి ఆయన చొక్కా మెడ దగ్గర తడి కనిపించింది.

"ఆ గడిలో ఏం జరిగినా బాధ్యత మీదే," అన్నాడు. "తర్వాత నన్ననొద్దు." ఫోను తీసుకుని వరండాలోకి వెళ్ళాడు.

ఆ మాట జిడ్డుకి ముల్లులా గుచ్చుకుంది. ఏమీ లేని గడిలో ఏం జరుగుతుందట?

తర్వాతి గంటా పది నిమిషాలు ఎలా గడిచాయో వాళ్ళకే తెలియాలి. అక్క కుర్చీ కిటికీ వైపు తిప్పుకుని కూర్చుంది. తమ్ముడు చిన్నప్పుడు ఎక్కడికెళ్ళినా వెళ్ళిన దారినే తిరిగొచ్చేవాడనీ, అడ్డదారంటే వాడికి భయమనీ, నేను వాణ్ణి ఎంత ఏడిపించేదాన్నో అనీ, ఎవరితోనో తెలియకుండా చెప్పుకుంటూ పోయింది. ఒకసారి జిడ్డు వైపు తిరిగి, అక్కడా లేకపోతే, అని అడిగి ఆగిపోయింది. లేకపోతే రేపు మళ్ళీ మొదటి నుంచి మొదలుపెడతానక్కా, నన్ను జిడ్డని ఊరికే అనరు, అన్నాడు. ఆమె నవ్వలేదు గానీ తల ఊపింది.

మూడూ యాభై మూడుకి రేడియో పలికింది. గడిలోకి అడుగుపెట్టారు, సముద్రం అడుగుని శబ్దంతో తడిమే సోనార్ దింపారు. నాలుగు కొట్టింది. ఎవరూ కదల్లేదు.

నాలుగూ తొమ్మిదికి గాలింపు ఓడ కెప్టెన్ గొంతు మారిపోయింది.

"మేడమ్, అడుగున ఏదో ఉంది. పొడుగ్గా ఉంది."

"ఎంత?"

"నూట పన్నెండు మీటర్లు."

మునిగిన ఓడ పొడవు నూట పన్నెండు మీటర్లు. లెక్కల మేడమ్ కళ్ళజోడు తీసి పక్కన పెట్టింది. అక్క లేచి పటం దగ్గరికి వచ్చింది. అడగాల్సింది ఒక్కటే అడిగింది.

"దారిలోనే ఉందా?"

మేడమ్ ఆమె వేలు పట్టుకుని ఎర్ర గీత మీద ఆనించింది. "గీత మీదే ఉందమ్మా. వెంట్రుకవాసి కూడా తప్పలేదు."

అక్క అప్పుడు ఏడ్చింది. బల్ల మీదున్న కాగితాన్ని నిలువునా చింపి, మళ్ళీ అడ్డంగా చింపి, ఇస్త్రీ కుర్చీలో పడేసింది. కుర్చీ ఖాళీగా ఉంది. వరండాలో కూడా ఎవరూ లేరు. ఆయన ఎప్పుడు వెళ్ళాడో ఎవరూ గమనించలేదు.

నాలుగూ ముప్ఫై ఐదుకి కెమెరా అడుగుకి చేరింది. అది చూపించేదంతా గాలింపు ఓడ కెప్టెన్ మాటల్లో చెప్తున్నాడు. పక్కకి ఒరిగి పడి ఉంది. పేరు కనిపిస్తోంది, అదే ఓడ. కెప్టెన్ గది అద్దాలు పగల్లేదు. తర్వాత అతను ఆగిపోయాడు.

"చెప్పండి," అన్నాడు జిడ్డు.

"రెయిలింగ్‌కి తాడు కట్టుంది సార్. పసుపు రంగు తాడు. ఓడంతా బురద పట్టింది, తాడుకి నలక కూడా లేదు. నిన్నో మొన్నో కట్టారు. మనకన్నా ముందే ఎవరో దిగారు."

గుచ్చుకున్న ముల్లు ఏమిటో జిడ్డుకి ఇప్పుడు అర్థమైంది. కంపెనీకి ఓడ ఎక్కడుందో తెలియడమే కాదు, అందులోంచి తీసుకోవాల్సిందేదో ఇంకా మిగిలే ఉంది. నాలుగింటికి గాలింపు ఆగిపోతే ఆ పని తీరిగ్గా పూర్తి చేసుకోవచ్చు. చుట్టుపక్కల ఏదైనా పడవ కనిపిస్తోందా అని అడిగాడు.

రాడార్ చూసి చెప్తానని వెళ్ళి, అతను మళ్ళీ మైకు అందుకున్నాడు.

"ఒకటి వస్తోంది సార్. మాకంటే పెద్దది. పిలిస్తే పలకట్లేదు. నేరుగా మా మీదికే వస్తోంది. పది నిమిషాల్లో ఇక్కడుంటుంది. మేము తప్పుకోవాలా, ఏం చేయమంటారు?"

తీర రక్షణ వాళ్ళ నంబరు కోసం మేడమ్ ఫోను అందుకుంది. ఎంత తొందరగా బయల్దేరినా వాళ్ళకి నలభై నిమిషాలు పడుతుందని గదిలో ఉన్న ముగ్గురికీ తెలుసు. గాలింపు ఓడలో ఉన్న తొమ్మిది మందిని ఉండమని చెప్పే హక్కు తనకుందా అని జిడ్డు ఆలోచిస్తుండగానే, కెప్టెన్ అక్క అతని చేతిలోంచి మైకు తీసుకుంది.

"బాబూ, నేను కెప్టెన్ అక్కని. కిందున్నది మా తమ్ముడు. వాడు చివరిదాకా దారి వదల్లేదు. మిమ్మల్ని ఉండమని నేను చెప్పలేను. మీకూ ఇళ్ళున్నాయి. కానీ మీరు తప్పుకుంటే వాళ్ళు అన్నీ మాయం చేసి, వాణ్ణి మళ్ళీ దొంగని చేస్తారు."

రేడియోలో గాలి హోరు వినిపించింది. వెనకాల ఎవరో ఎవరితోనో రెండు మాటలన్నారు. లంగరు గొలుసు గడగడమంటూ దిగుతున్న చప్పుడు వినిపించింది.

"లంగరేశామక్కా," అన్నాడు గాలింపు ఓడ కెప్టెన్. "రానివ్వండి."